చుక్క చిన్నదైతే సీసా ఎన్నాళ్లొస్తుంది? నానోడ్రాపర్ మీద ఒక కంటి డాక్టరు కేస్ స్టడీ

ఖాళీ సీసా తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది పెద్దావిడ. "పద్దెనిమిది రోజులకే అయిపోయింది బాబూ. ఇంకో పది రోజులు ఆగితే గానీ కొత్తది ఇవ్వరట" అంది. మన తెలుగావిడే. అమెరికాలో కొడుకు దగ్గర ఉంటోంది. రెండు కళ్లకూ నీటికాసులు, అదే గ్లాకోమా. రాత్రి పడుకునే ముందు లటానోప్రోస్ట్, ఉదయం సాయంత్రం బ్రిమోనిడిన్ చుక్కలు వాడుతోంది. మరి సీసా అయిపోయాక ఏం చేశారమ్మా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. పక్కింటావిడ దగ్గర అదే మందు ఉంటే కొద్దిగా అడిగి తెచ్చుకుందట. "ఒక్క కంటికే వేసుకున్నాను. చూపు బాగున్న కంటికి" అంది చివరికి.

ఆ వదిలేసిన కంట్లో ప్రెషర్, అంటే కంటి లోపలి ఒత్తిడి, 26 ఉంది. ఉండాల్సినదానికంటే ఎక్కువ.

కొత్తలో అయితే ఫైల్లో "మందు సరిగా వాడటం లేదు" అని ఒక్క ముక్క రాసి, ఇంకో మందు కలిపి పంపేసేవాణ్ణి. ఈసారి నా ఎదుటే చుక్క వేసుకోమన్నాను. మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది కంట్లోనే పడింది కానీ, రెప్ప వేయగానే అందులో సగం పైగా కిందికి జారింది. ఆవిడ అలవాటుగా కొంగుతో తుడుచుకుంది. అలా తుడిచేసిన మందు మీద వ్యాపారం కట్టిన ఒక వైద్య విద్యార్థిని కథ ఇది. ఆమె కంపెనీ నానోడ్రాపర్ అమ్మేది, సీసాకు తగిలిస్తే చుక్కను చిన్నది చేసే ఒక బుల్లి మూతి. నేను ఆ కంపెనీ మనిషిని కాదు, దాన్లో నాకు వాటా లేదు. గ్లాకోమా రోగులను చూసే డాక్టరుగా ఆ ఆలోచన ఎక్కడ నిలబడింది, ఎక్కడ కుంటింది అన్నదే నేను చూసింది.

కంట్లో పట్టేదెంత

మన కంటి మీద మామూలుగా ఉండే కన్నీటి పొర సుమారు 7 మైక్రోలీటర్లు. మైక్రోలీటరంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు. కింది రెప్పను కాస్త లాగి పట్టుకుంటే, రెప్ప వేయకుండా ఉన్నంతసేపు 30 మైక్రోలీటర్ల దాకా నిలుస్తుంది. ఒకసారి రెప్ప కొడితే పదికి పడిపోతుంది. ఇక సీసా నుంచి రాలే చుక్క చూడండి. మందును బట్టి, సీసాను బట్టి 25 నుంచి 70 మైక్రోలీటర్ల దాకా ఉంటుంది. గ్లాసులో చెంబెడు నీళ్లు పోసినట్టు.

పొర్లిపోయింది ఊరికే పోదు. కొంత చెంప మీదికి, కొంత కనుకొలకు దగ్గరి కన్నీటి నాళం గుండా ముక్కులోకి, అక్కణ్ణుంచి నేరుగా రక్తంలోకి. టిమోలాల్ లాంటి గ్లాకోమా మందు అలా రక్తంలో కలిస్తే గుండె వేగం తగ్గొచ్చు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి బిగుసుకోవచ్చు. అందుకే చుక్క వేసుకున్నాక కళ్లు మూసుకుని, కనుకొలకు దగ్గర వేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టమని చెబుతాం. పైసా ఖర్చు లేని ఈ చిట్కాకు ఏ స్టార్టప్పూ పుట్టలేదు. పుట్టదు కూడా.

చుక్క అంత పెద్దగా ఎందుకుంటుందంటే, చాలావరకు సీసా మూతి వల్ల. మూతి అంచు ఎంత వెడల్పుగా ఉంటే చుక్క అంత బరువెక్కాక గానీ తెగి పడదు. ద్రవం తలతన్యత రెండో కారణం. మందులో కలిపే ప్రిజర్వేటివ్ తలతన్యతను తగ్గిస్తే చుక్క కాస్త చిన్నదవుతుంది. సీసాను నిట్టనిలువుగా పట్టుకున్నారా, వాల్చి పట్టుకున్నారా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. అంటే డోసు నిర్ణయించేది చాలావరకు ప్లాస్టిక్ అచ్చు. మందు చీటీలో మనం రాసేది మాత్రం "ఒక చుక్క" అనే. ఎన్ని మైక్రోలీటర్లు అని ఏ డాక్టరూ రాయడు. ఈ కేసుకు ఇరుసు అక్కడే ఉంది. మళ్లీ వస్తాను.

వార్త చదివిన అమ్మాయి

2017 అక్టోబరులో ప్రోపబ్లికా అనే పరిశోధనాత్మక వార్తాసంస్థలో మార్షల్ ఆలెన్ ఒక కథనం రాశారు. కంటి చుక్కలు అవసరానికి మించి పెద్దవిగా ఉన్నాయని, ఆ వృథాకు డబ్బు కట్టేది రోగులేనని దాని సారాంశం. వృత్తిలో ఉన్నవాళ్లకు ఇదేమీ కొత్త వార్త కాదు. 1990ల మొదట్లోనే ఆల్కన్ కంపెనీ పరిశోధకులు 16 మైక్రోలీటర్ల చిన్న చుక్కను తయారుచేసి పరీక్షించారు. ప్రెషర్ తగ్గించడంలో అది పెద్ద చుక్కకు తీసిపోలేదు. అయినా అది సీసాగా మార్కెట్లోకి రాలేదు. అదీ ఆ కథనంలో ఉంది.

ఇందులో కంపెనీలది దురాశ ఒక్కటే అనుకోవడం తేలిక. నా లెక్కలో సగం దురాశ, సగం బద్ధకం. ఆమోదం వచ్చిన మందుకు సీసా మూతి మార్చాలంటే కొత్త పరీక్షలు, కొత్త అచ్చులు, కొత్త కాగితాలు. ఇంత ఖర్చూ పెట్టి చివరికి సాధించేది తమ అమ్మకాలు తగ్గడమే అయితే ఎవరు పూనుకుంటారు?

కోర్టుల్లోనూ ఇది నలిగింది. 2017లోనే చికాగోలోని ఏడో సర్క్యూట్ అప్పీల్ కోర్టులో జడ్జి రిచర్డ్ పోస్నర్, చుక్కలు అనవసరంగా పెద్దవిగా ఉన్నాయని కంపెనీల మీద రోగులు వేసిన దావాను కొట్టేశారు. కంపెనీ ఇంకా చౌకగా, ఇంకా మెరుగ్గా అమ్మగలిగినంత మాత్రాన అలా అమ్మలేదని దావా వేయడం కుదరదన్నారు. అదే ఏడాది మూడో సర్క్యూట్ కోర్టు అలాంటి దావాలోనే రోగులకు కోర్టుకొచ్చే హక్కు ఉందని తేల్చింది. ఒకే చుక్క, రెండు తీర్పులు. మొత్తానికి చట్టం ద్వారా చుక్క చిన్నదవుతుందని ఆశ పెట్టుకునే పరిస్థితి లేదు.

ఆ కథనం చదివినవాళ్లలో అలిసా సాంగ్ ఒకరు. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిసరాల్లో జట్టు కుదిరింది. తర్వాత ఆమె మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టర్‌లో మేయో క్లినిక్ వైద్య కళాశాల విద్యార్థిని అయ్యారు. చదువుతూ కంపెనీ నడిపారు. కంపెనీ పేరు నానోడ్రాపర్. 2020లో సరుకు మార్కెట్లోకి వచ్చింది.

మందు జోలికి పోలేదు

నా దగ్గరికి సలహాకు వచ్చే విద్యార్థులకు ఈ కేసులో నేను మొదట చూపించేది ఈ నిర్ణయమే. కంటి మందు ఖరీదు తగ్గిస్తానని బయల్దేరిన వాళ్లకు ముందు కనిపించే దారులు రెండు. చౌక జెనరిక్ తయారు చేయడం ఒకటి, చిన్న మూతి ఉన్న కొత్త సీసాలో అదే మందు పోసి అమ్మడం ఇంకొకటి. రెండింటికీ శుభ్రమైన ఫిల్లింగ్ ప్లాంటు కావాలి, మందుగా ఆమోదం కావాలి, ఏళ్ల తరబడి డబ్బు తగలేయాలి. ఎంబీబీఎస్ స్థాయి కుర్రాళ్ల చేతిలో అంత ఉండదు.

వీళ్లు మందును ముట్టుకోలేదు. మందుల షాపులో ఇచ్చిన సీసాకే అసలు మూత తీసి తగిలించుకునే చిన్న అడాప్టర్ చేశారు. మూతి సన్నబడింది, చుక్క చిన్నదైంది. కంపెనీ ప్రచురించిన కొలతల ప్రకారం చుక్క పరిమాణం సగటున సుమారు 62 శాతం తగ్గుతుంది. మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర ఇది క్లాస్ 1 పరికరంగా నమోదైంది. బ్యాండేజీ లాంటి తక్కువ ప్రమాదం ఉన్న వస్తువుల తరగతి అది. ఇక్కడ చాలామంది పొరబడతారు. నమోదు అంటే ఆమోదం కాదు. ఈ అడాప్టర్‌తో ఫలానా మందు పనిచేస్తుందని ఎఫ్‌డీఏ ఎక్కడా చెప్పలేదు. ఆ మాట చెప్పే బాధ్యత మందు రాసే డాక్టరుది, పరీక్షలు చేసేవాళ్లది.

మరి లేబుల్ మీద ఉన్న డోసు తప్పినట్టు కాదా? ఇందాక మళ్లీ వస్తానన్నది ఇక్కడికే. లేబుల్ మీద ఉన్నది "ఒక చుక్క". అడాప్టర్ పెట్టినా వేసేది ఒక చుక్కే. మైక్రోలీటర్లలో రాసి ఉంటే ఈ కంపెనీ పుట్టేది కాదు. నిబంధన కాగితానికీ సీసా మూతికీ మధ్య ఉన్న ఆ సందులోనే ఇల్లు కట్టుకున్నారు. తెలివైన పనే. కానీ అక్కడే ఒక చిక్కు కూడా ఉంది. లటానోప్రోస్ట్ లేబుల్‌లో ఒక చుక్కలో సుమారు 1.5 మైక్రోగ్రాముల మందు ఉంటుందని రాసి ఉంది. గాఢత మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు, అంటే చుక్క 30 మైక్రోలీటర్లు. అడాప్టర్‌తో అది పదకొండు పన్నెండుకు దిగితే మందు సుమారు 0.6 మైక్రోగ్రాములకు తగ్గుతుంది. కంట్లో పట్టనిదే పోయిందా, పట్టేదాంట్లోనూ కొంత పోయిందా? కాలిక్యులేటర్ పెట్టి దీనికి జవాబు చెప్పలేం.

సీసాల లెక్క

ఇక డబ్బు సంగతి. అసలు కేసు ఇదే అని నా అభిప్రాయం.

పెద్దావిడ బ్రిమోనిడిన్ సీసా తీసుకుందాం. 5 మిల్లీలీటర్లు. చుక్క 50 మైక్రోలీటర్లనుకుంటే వంద చుక్కలు. రెండు కళ్లు, రోజుకు రెండుసార్లు, అంటే రోజుకు నాలుగు. ఒక్కటి కూడా గురి తప్పకపోతే 25 రోజులు. నాలుగింట ఒకటి చెంప మీద పడితే 18 రోజులు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఫార్మసీ కంప్యూటర్ మాత్రం నెల రోజుల సీసా అని రాసుకుని కూర్చుంది. చుక్క 62 శాతం చిన్నదైతే 19 మైక్రోలీటర్లు, అంటే సుమారు 263 చుక్కలు, 65 రోజులు. అంతే గురి తప్పినా ఏడు వారాలు వస్తుంది.

ఇప్పుడు లటానోప్రోస్ట్. సీసా 2.5 మిల్లీలీటర్లు, 30 మైక్రోలీటర్ల చుక్కలు 83. రోజుకు రెండు. 41 రోజులు. తెరిచిన సీసాను బయట ఉంచితే ఆరు వారాలే వాడాలని లేబుల్ చెబుతుంది. ఆరు వారాలంటే 42 రోజులు. అంటే ఆ సీసాలో వృథా అన్నదే పెద్దగా లేదు. అడాప్టర్ తగిలిస్తే చుక్కలు 219 అవుతాయి, 109 రోజులకు సరిపోతాయి. కానీ 42వ రోజున పారేయాల్సిందే. కాగితం మీద మిగిలిన మందంతా చెత్తబుట్టలో పడుతుంది. ఒక్క కంటికే వాడేవాళ్లకు మామూలు చుక్కతోనే గడువు దాటిపోతుంది, అడాప్టర్ దండగ. చేయి వణికి సీసా ముందే ఖాళీ అయ్యేవాళ్లకు మాత్రం ఆరు వారాలు నిండేలా చేస్తుంది.

పైగా లటానోప్రోస్ట్ 2011 నుంచి అమెరికాలో జెనరిక్‌గా దొరుకుతోంది. చౌక. ఇక్కడో చిన్న సూత్రం పెట్టుకోవచ్చు. సీసా 2.6 రెట్లు ఎక్కువకాలం వస్తే, ఒక్కో అడాప్టర్ మహా అయితే 1.6 సీసాల ఖర్చు మిగులుస్తుంది. శుభ్రత కోసం కొత్త సీసాకు కొత్త అడాప్టర్ వాడాలి కాబట్టి, అడాప్టర్ ధర ఆ 1.6 సీసాల ధరకు తక్కువ ఉంటేనే రోగికి లాభం. ఖరీదైన బ్రాండు మందుకు ఈ లెక్క ఎగిరి గంతేస్తుంది. చౌక జెనరిక్‌కు తిరగబడుతుంది. "కంటి మందులు అందరికీ అందుబాటులోకి" అన్న నినాదం వినసొంపుగా ఉంటుంది గానీ, నిజానికి అది మందును బట్టి, సీసాను బట్టి, రోజుకెన్ని చుక్కలన్నదాన్ని బట్టి, ఎవరు కడుతున్నారన్నదాన్ని బట్టి మారిపోయే మాట.

ఆ చివరిది మరీ ముఖ్యం. మందు ధరలో ఎక్కువ భాగం ఇన్సూరెన్సు కడుతుంటే, మిగిలే డబ్బులో ఎక్కువ భాగం కూడా ఇన్సూరెన్సుకే. అడాప్టర్ మా పెద్దావిడ చేతి డబ్బుతోనే కొంది. కొనేది ఒకరు, లాభపడేది ఇంకొకరు. వైద్య స్టార్టప్‌ల వ్యాపార ప్రణాళికల్లో నేను మొదట వెతికేది ఈ పగులునే. జేబులోంచే పూర్తి ధర కట్టేవాళ్లకు మాత్రం ఆ పగులు లేదు, లాభం నేరుగా వాళ్లదే.

అలాగని డబ్బొక్కటే చూస్తే సగం కేసు వదిలేసినట్టే. ఆవిడకు కావాల్సింది చౌక సీసా కాదు, రీఫిల్ తేదీ దాకా ఖాళీ కాని సీసా. ఈ ఇబ్బంది ఎంత పాతదంటే, 2010లోనే మెడికేర్ (అమెరికాలో ముఖ్యంగా పెద్దవాళ్లకు ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) సంస్థ కంటి చుక్కలకు 70 శాతం రోజులు గడిస్తే రీఫిల్ ఇవ్వొచ్చని తన మందుల ప్లాన్లకు సూచించింది. నెల సీసా అయితే 21వ రోజుకే. ఆవిడది మెడికేర్ ప్లాన్ కాదు, ప్రైవేటుది. నేను ఫోన్ చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపించి, ఫారం ఫ్యాక్స్ చేయమన్నారు. అమ్మకాల పత్రంలో "ఆదా" అని రాసే కంపెనీ, దాని బదులు "మధ్యలో ఆగదు" అని రాస్తే నేను ఇంకా తొందరగా నమ్మేవాణ్ణి.

రుజువుల దగ్గర

చిన్న చుక్క సరిపోతుందనడానికి పాత ఆధారాలు ఉన్నాయి. టిమోలాల్ మొదట 0.25 శాతంతో మొదలుపెట్టి, చాలకపోతేనే 0.5కు వెళ్లమని లేబులే చెబుతుంది. లటానోప్రోస్ట్ రోజుకు ఒకసారికి మించి వేస్తే ప్రభావం తగ్గవచ్చనీ లేబుల్‌లో ఉంది. ఎక్కువ మందు అంటే ఎక్కువ పని అన్న లెక్క కంట్లో చెల్లదు. నెలలు నిండని పసికందుల కళ్ల పరీక్షకు చిన్న చుక్కలు వాడటం 1990ల నుంచీ పరిశీలనలో ఉంది. అక్కడ డబ్బు ప్రశ్నే కాదు, ముక్కులోంచి రక్తంలోకి పోయే మందు ఆ ప్రాణానికి మోయరాని భారం.

కానీ అన్ని మందులూ ఒకటి కావు. నానోడ్రాపర్‌తో పిల్లల్లో కంటిపాప పెద్దది చేసే చుక్కల మీద యాదృచ్ఛిక ట్రయల్ జరిగింది. మామూలు చుక్కకు ఇంతకు మించి తీసిపోకూడదని ముందే గీసుకున్న గీటును (నాన్-ఇన్‌ఫీరియారిటీ అంటారు) కొన్ని కొలతల్లో చిన్న చుక్క అందుకోలేకపోయింది. వచ్చిన తేడా చిన్నదే, వైద్యంలో లెక్కలోకి రాకపోవచ్చునని ట్రయల్ చేసినవాళ్లే అన్నారు. దీన్ని ఓటమి అని కొట్టేసేవాళ్లూ ఉన్నారు, పట్టించుకోనివాళ్లూ ఉన్నారు. నాకైతే ఈ ఫలితం బయటికి రావడమే నచ్చింది. నచ్చని ఫలితాన్ని కప్పిపెట్టే పరికరాన్ని నా రోగి కంటి దగ్గరికి రానివ్వను. స్టార్టప్‌కు ఇందులో భారం ఏమిటంటే, ఒక మందు మీద రుజువైంది ఇంకో మందుకు పనికిరాదు. అడాప్టర్ ఒకటే, కానీ పరీక్షలు మందుకొకటి చొప్పున. క్లాస్ 1 నమోదుతో తప్పించుకున్నామనుకున్న పని ఆ దారిలో తిరిగొచ్చి తలుపు తడుతుంది.

చేతిలో వాడి చూస్తే తెలిసేవి ఇంకా ఉన్నాయి. చిన్న చుక్క పడినట్టు తెలియదు. పడలేదేమోనని రెండోది వేస్తారు, ఆదా ఆవిరి. సీసాను ఫ్రిజ్‌లో పెట్టి వాడదగ్గ మందైతే చల్లదనం వల్ల పడినట్టు తెలుస్తుంది. కీళ్లవాతం ఉన్న వేళ్లకు సన్న మూతి సీసా నొక్కడం కష్టం. ప్రెడ్నిసొలోన్ అసిటేట్ లాంటి సస్పెన్షన్లను, అంటే మందు కరగకుండా నలుసులుగా ఉండే చుక్కలను, బాగా కుదపకపోతే నలుసులు అడుగునే ఉండిపోతాయి. వాటికి సన్న దారి పెట్టడానికి నాకు మనసొప్పలేదు. సీసా మెడల కొలతలు కంపెనీకొకటి. ఫార్మసీ వాడు ఈ నెల వేరే కంపెనీ జెనరిక్ ఇస్తే, పోయిన నెల సరిపోయిన రకం ఈ నెల పట్టకపోవచ్చు.

మా పెద్దావిడ సంగతికొస్తే, బ్రిమోనిడిన్ సీసాకే అడాప్టర్ పెట్టించాను. లటానోప్రోస్ట్‌ను కదపలేదు. రెండు మందుల్నీ ఒకేసారి మార్చి, ప్రెషర్ పెరిగితే ఏది కారణమో తెలియక తల పట్టుకోవడం నాకిష్టం లేదు. నాలుగు వారాలకు రమ్మన్నాను. చుక్క వేసుకునేటప్పుడు పడుకుని వేసుకోమని, వేశాక కనుకొలకు నొక్కి పట్టమని కొడుకు ఎదురుగా నేర్పించాను.

నాలుగు వారాలకు ప్రెషర్ రెండు కళ్లలోనూ 17, 18. అందులో అడాప్టర్ వాటా ఎంతో, మందు ఆగకపోవడం వాటా ఎంతో, పడుకుని వేసుకోవడం వాటా ఎంతో ఒక్క రోగిని చూసి విడదీయలేను. ఆ తర్వాతి విజిట్‌కు సంచిలోంచి రెండు సీసాలూ తీసి టేబుల్ మీద పెట్టింది. రెండింటి మీదా తెరిచిన తేదీ పెన్నుతో రాసి ఉంది. బ్రిమోనిడిన్ ఏడో వారంలో ఉంది, అడుగున ఇంకా కొద్దిగా కనిపిస్తోంది. లటానోప్రోస్ట్ కొత్త సీసా, నిన్ననే తెరిచింది. "దీనికీ ఆ బుల్లి మూతి పెట్టొద్దా బాబూ?" అని అడిగింది. వద్దమ్మా అని, ఆరు వారాల లెక్క కాగితం మీద వేసి చూపించాను.